తువ్వాలు కింద అయిదు నిమిషాలు

ఈ మధ్య హోటల్లో భోజనం చేసి చెయ్యి కడుక్కుంటే, తుడుచుకోవడానికి పల్చటి కాగితం ఒకటి ఇస్తున్నారు. తడి తగలగానే అది ప్రాణం విడుస్తుంది. వేలికొక ముక్క చొప్పున అంటుకుంటుంది. ఆ ముక్కలు వదిలించుకోవడానికి ఇంకో కాగితం అడగాలి. కాస్త పెద్ద హోటలయితే కాగితం మీద పువ్వు బొమ్మ ఉంటుంది, అప్పుడు పువ్వు కూడా అంటుకుంటుంది. భుజాన తువ్వాలు వేసుకునే అలవాటు పోయాక మనిషికి వచ్చిన అవస్థల్లో ఇది చిన్నదేనని నాకు తెలుసు. పెద్ద అవస్థల మీద కోపం తెచ్చుకునే ఓపిక ఈ వయసులో లేదు కాబట్టి దీంతో సరిపెట్టుకుంటున్నాను.

తువ్వాలు అనగానే నాకు 1986 మే నెల గుర్తొస్తుంది. అప్పుడు నేను నూజివీడులో ఒక కాలేజీకి ఫిజికల్ డైరెక్టర్ని. వ్యాయామ విద్యలో పట్టా, దాని మీద ఒక డిప్లొమా, లెక్చరర్లతో సమానమైన హోదా అన్నీ ఉన్నా ఊళ్ళో మాత్రం నేను డ్రిల్లు మాస్టారినే. దీనికి తోడు ఆ చుట్టుపక్కల కబడ్డీ పోటీలు నడిపే సంఘానికి గౌరవ సాంకేతిక కార్యదర్శిగా కూడా ఉండేవాణ్ణి. ఒక పదవికి ముందు గౌరవ అని ఉంటే, ఎవరూ చెయ్యడానికి ముందుకు రాని పని అందులో ఉందని అర్థం. ఆ నెల మూడో వారంలో అలాంటి పనే వచ్చింది. చాట్రాయిలో జరిగిన సెమీఫైనల్లో నూజివీడు మార్కెట్ జట్టు ఓడిపోవడానికి జట్టు మేనేజరు ఎంతవరకు బాధ్యుడో విచారించి, పది రోజుల్లో నివేదిక ఇవ్వమని సంఘం అధ్యక్షుల వారు కాగితం పంపారు.

కబడ్డీ జట్టుకి మేనేజరు ఏమిటని ఇప్పటివాళ్ళు అడగవచ్చు. పెద్ద జట్లకు కోచ్ వేరు, మేనేజరు వేరు. మా దగ్గర రెండూ ఒకరే. ఆటగాళ్ళ పేర్లు, బరువులు రాసిన జాబితా ఇవ్వడం, లారీ మాట్లాడటం, మోకాళ్ళకు పట్టీలు కట్టడం, టైమ్ అవుట్ అడగడం, ఎవర్ని దించాలో ఎవర్ని తియ్యాలో రిఫరీకి చెప్పడం అన్నీ అతనే. నిబంధనల పుస్తకంలో ఇంకో మాట కూడా ఉండేది: జట్టుకి సంబంధించిన సమస్త విషయాలకూ మేనేజరే బాధ్యుడు. సమస్తం అని రాసినవాడెవడో ఎప్పుడూ మేనేజరుగా చేసి ఉండడు. గెలిస్తే జట్టు గెలుస్తుంది. ఓడితే మేనేజరు ఓడతాడు.

మార్కెట్ జట్టు మేనేజరు పేరు వీర్రాజు. అతను మామిడి కోతల మేస్త్రీ. అంటే సీజన్లో తోట కొన్న షావుకారు తరఫున కోతగాళ్ళను పోగుచేసి, చెట్లు పంచి, కాయ దెబ్బతినకుండా కోయించి, గడ్డి వేసి గంపలకెత్తించే పెద్ద. అతని కింద నలభై మంది ఉండేవాళ్ళు. జట్టులో ఆడేవాళ్ళలో సగం మంది ఆ నలభైలోవాళ్ళే. పగలంతా కొమ్మల మీద ఉండే మనుషులకి నేల మీద పట్టు ఎక్కువ అని నేను ఒక వ్యాసం రాద్దామనుకున్నాను, రాయలేదు. షావుకారు పాపారావు గారు జట్టుకి బనియన్లు కుట్టించి, లారీ ఇచ్చి, వెంట వచ్చేవారు. జట్టు ఆయనదే అని ఆయన ఎప్పుడూ అనలేదు. అందరూ అనేవారు.

ఆట సంగతి క్లుప్తంగా చెబుతాను. ప్రత్యర్థి చింతలపూడి జట్టు. ఇరవై నిమిషాల చొప్పున రెండు సగాలు, మధ్యలో అయిదు నిమిషాల విరామం. మొదటి సగం అయ్యేసరికి మార్కెట్ జట్టు ఏడు పాయింట్లు ముందుంది. రెండో సగంలో ఆ ఏడూ కరిగి రెండయ్యాయి. ఇంకా నాలుగు నిమిషాలుందనగా వీర్రాజు టైమ్ అవుట్ అడిగి, నాగుల్ని తీసేశాడు. నాగులు ఆ జట్టుకి ప్రధాన రైడరు, మా భాషలో కూతగాడు. అవతలి కోర్టులోకి ఊపిరి వదలకుండా కూత పెట్టి వెళ్ళి, ఒకరినో ఇద్దరినో తాకి వచ్చేవాడు. అతని బదులు దిగిన కుర్రవాడు వెళ్ళిన మొదటి కూతకే దొరికిపోయాడు. ఆ తర్వాత జట్టు మొత్తం అవుటయింది. మొత్తం అవుటయితే అవతలివాళ్ళకి లోనా అని రెండు పాయింట్లు అదనంగా ఇస్తారు. చివరికి ఒక్క పాయింటుతో ఓడిపోయారు. గెలిచి ఉంటే విజయవాడలో ఫైనల్ ఆడేవారు. మార్కెట్ జట్టు అంత దూరం వెళ్ళడం అదే మొదటిసారి అయ్యేది.

ఒక మంచి ఆటగాణ్ణి తీసి ఓడిపోతే జనం తిడతారు, మర్నాటికి మర్చిపోతారు. వీర్రాజుని మర్చిపోకపోవడానికి కారణం తువ్వాలు.

మామిడి బేరం తెలియనివారికి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మార్కెట్లో అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపి, పైన తువ్వాలు కప్పుతారు. లోపల వేళ్ళు మాట్లాడతాయి. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, నాలుగు పట్టుకుంటే నాలుగు, మొత్తం చెయ్యి పట్టుకుంటే అయిదు. చుట్టూ యాభై మంది నిలబడి ఉన్నా ఎంతకి తెగిందో ఆ ఇద్దరికే తెలుస్తుంది. ముఖాలు మాత్రం ఎండ గురించి మాట్లాడుకుంటూ ఉంటాయి. ఆ రోజు విరామంలో, డేరా పక్కన, వీర్రాజూ చింతలపూడి మేనేజరూ ఒకే తువ్వాలు కింద చేతులు పెట్టి నిలబడటం కనీసం యాభై మంది చూశారు. ఇంకో ఊళ్ళో అయితే ఇద్దరు స్నేహితులు చెయ్యి పట్టుకున్నారనుకునేవారు. చూసినవాళ్ళంతా నూజివీడు వాళ్ళు. ఆట అమ్ముకున్నాడు అన్న మాట లారీ ఊరు చేరకముందే చేరింది.

మర్నాటి నుంచి వీర్రాజు చేసే ప్రతి పనీ సాక్ష్యమైపోయింది. క్షవరం చేయించుకున్నాడు, చూశారా నిశ్చింత అన్నారు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, చూశారా దొంగతనం అన్నారు. మూడో రోజు మాట్లాడాడు, ఎంత ధైర్యమో అన్నారు. నాకూ అనుమానం లేకపోలేదు. ఇరవై ఏళ్ళు విజిల్ ఊదినవాడికి అనుమానం వృత్తిలో భాగం. రిఫరీని అనుమానించాను, స్కోరర్ని అనుమానించాను, బదులు దిగిన కుర్రవాడు అంత తేలిగ్గా ఎలా దొరికాడా అని అతన్నీ అనుమానించాను. ఈ విచారణ నాకే ఎందుకిచ్చారా అని అధ్యక్షుల వారిని కూడా కొంచెం అనుమానించాను.

మొదటి వాంగ్మూలం షావుకారు గారిది. మార్కెట్లో ఆయన కొట్టుకి వెళ్ళాను. మడత కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించి, చాలా మర్యాదగా మాట్లాడారు. ఆయన బాధ నిజమైనదే.

"నేనేం తక్కువ చేశానండీ మాస్టారూ? బనియన్లు నేనిచ్చా. లారీ నేనిచ్చా. ఆ రోజు పిల్లలకి నా చేత్తో పళ్ళు పెట్టా. కన్నబిడ్డల్లాగా చూసుకున్నానండీ. ఆడు తువ్వాలు కప్పి బేరం పెడతాడా!"

నివేదిక వచ్చాక ఏం చేయదలచుకున్నారని అడిగాను. ఆయన గొంతు పెంచలేదు. "ఆట అమ్ముకున్నాడని తేలితే రేపట్నించి నా తోటలో అడుగు పెట్టడు. ఆడి ముఠా కూడా. పోలవరం నుంచి వేరే ముఠాని పిలిపిస్తా."

సీజన్ సగంలో ఉంది. అప్పుడు తోట పోతే ఆ నలభై మందికి ఇంకో తోట దొరకదు, అప్పటికే తోటలన్నీ మేస్త్రీలు పంచుకోవడం అయిపోయి ఉంటుంది. నేను రాయబోయే మూడు పేజీల మీద నలభై పొయ్యిలు ఉన్నాయన్న సంగతి మజ్జిగ తాగుతుండగా అర్థమైంది. గ్లాసు పూర్తి చేశాను. మజ్జిగలో అల్లం బాగా పడింది.

వీర్రాజు కాలేజీ గ్రౌండుకే వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, సన్నగా, చెట్టు బెరడు రంగులో ఉంటాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. నాగుల్ని ఎందుకు తీశావని అడిగాను.

"తీయాలనిపించింది, తీశాను."

"కారణం?"

"నా నిర్ణయమేనండీ. ఓడాం. రాసుకోండి."

తువ్వాలు సంగతి అడిగాను. ఆట అమ్మలేదని మటుకు చెప్పాడు. మరి ఏ బేరం పెట్టావంటే, "మీకు తెలియంది నేనేం చెబుతానండీ" అన్నాడు. వాంగ్మూలం కింద సంతకం చేశాడు. పెన్ను మూత పెట్టి తిరిగి ఇచ్చాడు. అంత పొందికగా పెన్ను తిరిగి ఇచ్చేవాడు ఏదో దాస్తున్నాడని నేను ఒక నోట్ రాసుకున్నాను. ఆ నోటు ఇప్పటికీ నా దగ్గరుంది. చదివితే సిగ్గేస్తుంది.

మనుషులు చెప్పనప్పుడు కాగితాలను అడగాలి. కబడ్డీ ఆటకి ఒక స్కోరరు, ఇద్దరు సహాయ స్కోరర్లు ఉంటారు. సహాయ స్కోరర్లు ఏ వరుసలో ఎవరు అవుటయ్యారో, ఎవరు తిరిగి లోపలికొచ్చారో రాస్తారు. పాయింట్లు జనం చూస్తారు గానీ ఈ కాగితాలు ఎవరూ చూడరు. నేను చూశాను. మొదటి సగంలో నాగులు ఒక్కసారి అవుటయ్యాడు. రెండో సగంలో, తీసేసేలోపు పదహారు నిమిషాల్లో, అయిదుసార్లు. అంపైర్ని పిలిచి అడిగితే, అందులో రెండుసార్లు ఎవరూ పట్టుకోలేదనీ అవతలి కోర్టు మధ్యలో కూత దానంతటదే తెగిందనీ చెప్పాడు. నాగులు కూత తెగడం నేను మూడేళ్ళలో చూడలేదు. చెట్టు మీద నుంచి కిందివాళ్ళతో పొద్దస్తమానం అరుస్తూ మాట్లాడే మనిషికి ఊపిరి కొరత ఉండదు.

అంటే వీర్రాజు మంచి ఆటగాణ్ణి తియ్యలేదు. అప్పటికే పని అయిపోయిన ఆటగాణ్ణి తీశాడు. నన్నడిగితే ఆ తియ్యడం ఇంకా ఆరు నిమిషాల ముందు జరగాల్సింది. జనం మాత్రం మొదటి సగం నాగుల్నే చూస్తూ ఉండిపోయారు.

స్కోరు కాగితంలో ఇంకొకటి కనిపించింది. విరామం మొదలైన సమయం అయిదూ పది. ఆట తిరిగి మొదలైన సమయం అయిదూ ఇరవై. అయిదు నిమిషాల విరామం పది నిమిషాలు సాగింది. రిఫరీ నాకు పాత పరిచయం. కాస్త నీళ్ళు నమిలి, ఇద్దరు మేనేజర్లూ వచ్చి ఇంకో అయిదు నిమిషాలు కావాలని అడిగారనీ ఇద్దరూ ఒక్కమాట మీద ఉంటే తనకేం పోయిందని ఇచ్చాననీ చెప్పాడు. నిబంధనల్లో అందుకు చోటు లేదు. మా ప్రాంతంలో ఇద్దరూ ఒప్పుకున్నదానికి నిబంధన అడ్డం వచ్చిన సందర్భం కూడా లేదు.

ఆ మర్నాడు చింతలపూడి బస్సెక్కాను. అక్కడి మేనేజరు సుబ్బారావు గారు కూడా మామిడి మనిషే, కమీషన్ మీద సరుకు ఎగుమతి చేయిస్తారు. లావుపాటి మనిషి, నవ్వు ముఖం. నేను వచ్చిన పని చెప్పగానే నవ్వు ఆపుకోలేకపోయారు.

"ఆట కొనుక్కోవడమా! ఏడు పాయింట్లు వెనకున్నాం. అమ్ముతానన్నా కొనే ఓపిక లేదండీ మాకప్పుడు."

మరి తువ్వాలు కింద ఏం జరిగిందన్నాను.

"నిమిషాలండీ. మీ మేస్త్రీ పది అడిగాడు, పిల్లలకి విశ్రాంతి కావాలని. నేను రెండన్నా. ఎనిమిదన్నాడు. మూడన్నా. అయిదుకి తెగింది. ఎవరన్నా అడిగితే ఇస్తాం, బేరం లేకుండా ఇవ్వడం మాకు రాదండీ."

ముందున్న జట్టు విశ్రాంతి ఎందుకు కోరుతుందని మీకు అనుమానం రాలేదా అంటే, బేరంలో కారణం అడగరని చెప్పారు. నోటితో అడగొచ్చుగా, తువ్వాలు దేనికి అంటే, అదీ అడగలేదన్నారు. నేను లేచి బయల్దేరుతుంటే వెనక నుంచి ఇంకో మాట అన్నారు. "ఒకటి మాత్రం గుర్తుందండీ. ఆ తువ్వాలు జిగట. బంకలాగా. వేళ్ళు విడదీసుకోవడానికి ఇద్దరం తంటాలు పడ్డాం. మామిడి రసం అంతా దాని మీదే ఉంది."

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. దారి పొడుగునా తోటలే. జిగట తువ్వాలు గురించి చాట్రాయి దాకా ఆలోచించాను. నిజానికి అంతసేపు ఆలోచించాల్సిన అవసరం లేదు.

చాట్రాయిలో దిగిపోయాను. నాగులు ఆ పక్కనే పాపారావు గారి తోటలో కోతకు ఉన్నాడని తెలుసు. చెట్టు మీద ఉన్నాడు. పొడుగాటి గెడ చివర వలసంచి కట్టిన చిక్కంతో ఒక్కో కాయనీ పడిపోకుండా దించుతున్నాడు. కిందికి రమ్మంటే, మాస్టారూ మేస్త్రీ తిడతాడు అక్కణ్ణుంచే అడగండి అన్నాడు. నేను తలెత్తి అడిగాను, అతను కొమ్మల్లోంచి చెప్పాడు. మెడ పట్టేసిన వాంగ్మూలం నా ఉద్యోగంలో అదొక్కటే.

రెండో సగంలో ఏమైందిరా నీకు అన్నాను.

"పక్కలో పోటండీ. కూత పెడితే పొట్టలో కుండెడు నీళ్ళు కదిలినట్టు ఉంది."

"ఎన్ని తిన్నావు?"

గెడని ఇంకో కొమ్మకి మార్చాడు. "ఎనిమిదండీ. చిన్న రసాలేగా. సీనుగాడు పది తిన్నాడు."

షావుకారు గారు ఆ రోజు రెండు గంపల నిండా రసాలు తెచ్చారు. గడ్డిలో మాగేసి, సరిగ్గా ఆ పూటకి పండేలా లెక్క చూసి తెచ్చినవి. విరామం కాగానే డేరాలోకొచ్చి ఆయనే స్వయంగా పంచారు. రసాల్ని కోసి తినరు. అరచేతుల్లో మెత్తగా పిసికి, ముచ్చిక కొరికి, పీల్చేస్తారు. ఒకటి అయ్యేసరికి ఇంకోటి చేతిలో ఉంటుంది. అయిదు నిమిషాల్లో ఎనిమిది తినడం అసాధ్యమేమీ కాదు. వీర్రాజు పొద్దున్నే కలిపించిన ఉప్పు నిమ్మనీళ్ళ బకెట్టు డేరా మూల అలాగే ఉండిపోయింది.

ఆట మధ్యలో తినకూడదని తెలియదా అని కొంచెం కటువుగానే అడిగాను. నాగులు ఒక కాయని చిక్కంలోకి లాగి, దించి, గడ్డి మీద పెట్టించాక జవాబు చెప్పాడు.

"ఇరవై ఏళ్ళుగా కోస్తున్నామండీ. మేం కోసేది పచ్చికాయ. అది లారీ ఎక్కి వెళ్ళి ఎక్కడో పండుద్ది. పండు మొహం మాకెక్కడ కనపడుద్దండీ? ఆ రోజు షావుకారు గారు వాళ్ళ చేత్తో పెడుతున్నారు. వద్దని ఎవడంటాడండీ?"

"వీర్రాజు కూడా అనలేదా?"

"మేస్త్రీ అన్నాడండీ. అయ్యగారూ, ఆట అయ్యాక తింటారు అన్నాడు. నీ ఇంటి పళ్ళా అన్నారు షావుకారు గారు. అందరూ నవ్వారు. మేస్త్రీ మీ వంక కూడా చూశాడు గదండీ. మీరూ అక్కడే ఉన్నారుగా."

ఉన్నాను. సాంకేతిక కార్యదర్శిని కాబట్టి డేరాలో నాకొక కుర్చీ ఉంటుంది. విచారణాధికారి తన కుర్చీ ఎక్కడుందో రాయడం ఆనవాయితీ కాదు కాబట్టి, వాంగ్మూలంలో ఆ ఒక్క వాక్యం రాసుకోలేదు.

ఇక చిక్కు విడిపోయినట్టే. పిల్లలు తినేశారు. ఆ పొట్టలతో కూత రాదని మేస్త్రీకి తెలుసు. కాస్త టైము దొరికితే అరుగుతుందని ఆశ. ఆ టైము నోటితో అడిగితే, ఎందుకని అందరూ అడుగుతారు. మీ పళ్ళ వల్ల నా పిల్లలు నిలబడలేకపోతున్నారని నాలుగు గజాల దూరంలో ఉన్న షావుకారుకి వినబడుతుంది. అందుకని అతనికి తెలిసిన ఒకే ఒక్క రహస్య మార్గంలో అడిగాడు. ఆ మార్గం రహస్యం దాస్తుంది గానీ, రహస్యం ఉందన్న సంగతి దాయదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తువ్వాలు కింద చెయ్యి పెడుతున్న మనిషి చేసే పొరపాటే అది. ఓడిపోయాక నోరు విప్పితే తోట పోతుంది, విప్పకపోతే అమ్ముకున్నవాడవుతాడు, అప్పుడూ తోట పోతుంది. అలాంటప్పుడు మనిషి పెన్ను మూత పెట్టి తిరిగివ్వడం తప్ప చేసేదేముంది?

నివేదిక రాయడానికి మూడు రోజులు పట్టింది. మొదటి రెండు రోజులూ ఒకే వాక్యం మీద కూర్చున్నాను. షావుకారు పళ్ళు పెట్టారు అని రాస్తే, ఆయన మనసు విరిగి జట్టూ పోతుంది, మేస్త్రీ పనీ పోతుంది. అసలు పళ్ళ సంగతే రాయకపోతే నాగుల్ని తీసినందుకూ తువ్వాలు కప్పినందుకూ కారణం మిగలదు. మూడో రోజు నా చదువు నన్ను ఆదుకుంది. తెలుగులో కర్త లేకుండా వాక్యం రాయవచ్చు. మూడు నిర్ధారణలు రాశాను. ఆట అమ్ముకున్నారన్న ఆరోపణకి ఆధారం లేదు, తువ్వాలు కింద జరిగింది విరామం పొడిగింపు గురించిన సంప్రదింపు మాత్రమే. నాగుల్ని తీసివేయడం మేనేజరు అధికారంలోని విషయం, స్కోరు కాగితాల ప్రకారం అది సబబైనది. ఇక మూడోది: "విరామ సమయంలో ఆహార పానీయాల వినియోగంలో తగిన పర్యవేక్షణ కొరవడింది. నిబంధనల ప్రకారం ఇందుకు జట్టు మేనేజరు బాధ్యుడు."

ఆ మూడో వాక్యంలో పండు లేదు, పెట్టినవారు లేరు, తిన్నవారు లేరు. కొరవడింది అంతే.

షావుకారు గారు నివేదికను రెండుసార్లు చదివించుకుని సంతోషించారు. పర్యవేక్షణ అన్న మాట ఆయనకి బాగా నచ్చింది. మేస్త్రీ పనిలో వీర్రాజుని ఉంచారు, క్షమించానని మార్కెట్లో నలుగురి ముందూ చెప్పారు. జట్టు మేనేజరు పని మాత్రం తీసి తన బావమరిదికి ఇచ్చారు. నలభై పొయ్యిలూ వెలిగాయి. సంఘం నాకు ఒక అభినందన లేఖ రాసింది. తర్వాతి సంవత్సరం జట్టు మొదటి రౌండులోనే ఓడింది, అప్పుడు ఎవరూ విచారణ కోరలేదు.

ఓటమికి మేనేజర్ని తప్పుపట్టవచ్చా అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నా దగ్గర పూర్తి జవాబు లేదు. వద్దని ఒకసారి అన్నాడు, రెండోసారి అనలేదు. ఆ మేరకు తప్పులో అతని వంతు కొంత వెయ్యవచ్చు. కానీ ఆ తర్వాత నేను చేసిన పదకొండు విచారణల్లోనూ ఒక పద్ధతి పాటించాను: సాక్షుల జాబితా మొదలుపెట్టే ముందు, ఆ సమయంలో నేనెక్కడున్నానో పై వరుసలో రాసుకునేవాణ్ణి. అక్కడ నేనున్నానని తేలితే విచారణ వేరేవాళ్ళకి అప్పగించేవాణ్ణి. రెండుసార్లు అలా అప్పగించాను. ఈ పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదు, నాకు నేర్పింది వీర్రాజు.

నివేదిక ప్రతి ఒకటి అతనికి ఇవ్వాలని నిబంధన. తోటకి పట్టుకెళ్ళాను. అతనికి సంతకం వరకే చదువు వచ్చు, అందుకని నేనే చదివి వినిపించాను. గంపల పక్కన గొంతుక్కూర్చుని, మూడు పేజీలూ కదలకుండా విన్నాడు. అయిపోయాక భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. ఉతికిన తువ్వాలే.

"అన్నీ బాగానే రాశారు మాస్టారూ," అన్నాడు. "మీరెన్ని పళ్ళు తిన్నారో రాయలేదేంటండీ?"